చంటిబిడ్డ, తల్లిలేని మేకపిల్ల: ఒక బొమ్మల నవల గీయాలనుకునేవాళ్ళకు

నా బొమ్మల నవల (గ్రాఫిక్ నావెల్) మొదటి చిత్తుప్రతిలో 23వ పేజీ అంటే నాకు ప్రాణం. పురిటి మంచం మీద బాలింత, ఎడమ చేతిలో చంటిబిడ్డ, కుడి చేతిలో తల్లి చచ్చిపోయిన మేకపిల్ల. రెండింటినీ వెల్లకిలా ఒళ్ళో వేసుకొని పాలు పడుతుంటుంది. ఆ ఒక్క పేజీకి నాలుగు రోజులు కూర్చున్నాను. అమ్మకు చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకొని కాసేపు చూసింది. "బిడ్డా, ఈ మేకపిల్ల బతకదు" అంది.

ఎందుకని అడిగాను. "మేకపిల్ల నిలబడి తాగుతది. మెడ సాపి, మూతి మీదికి లేపుతది. గిట్ల ఎల్లెలకల పండబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తులకు పోతయి."

నర్సంపేట దగ్గర మా తల్లిగారింట్లో నేను బాలింతగా ఉన్న రోజుల్లో, తల్లి పోయిన మేకపిల్లలను అమ్మ సాకుతుంటే పక్క మంచం మీద నుంచి రోజూ చూసినదాన్ని నేను. అయినా గీసేటప్పుడు నా చేతికి గుర్తొచ్చింది మేకపిల్ల కాదు, నా బిడ్డ ఫొటోలు. ఆ పేజీ చూసి ఏ చిన్నపిల్లో ఇంట్లో మేకపిల్లకు అలాగే పాలు పడితే? బొమ్మ చూసినవాళ్ళు మాట కన్నా ముందు బొమ్మను నమ్ముతారు. అందుకే తల్లితనం మీద, దిక్కులేని జీవాల మీద బొమ్మల నవల గీయాలనుకునేవాళ్ళకు నేను చెప్పేదంతా ఒక్కదాని చుట్టే తిరుగుతుంది: ముందు సాకే పనిని సరిగ్గా గీయండి. నాకు 96 పేజీలకు రెండున్నరేళ్ళు పట్టింది. మీకు తక్కువే పట్టాలని ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఒక్క జీవం, ఒక్క కాలం

మొదటి పుస్తకంలోనే కుక్కలు, కోతులు, బర్రెలు, పావురాలు అన్నీ పెట్టకండి. ఒక్క జీవాన్ని ఎంచుకోండి. తర్వాత కథ ఎన్ని రోజులు నడవాలో తేల్చుకోండి. ఈ కాలం లెక్కే మీ నవలకు వెన్నెముక.

మనిషి తొమ్మిది నెలలు మోస్తుంది. కుక్క దాదాపు 63 రోజులు, మేక ఐదు నెలలు, బర్రె పది నెలల పైచిలుకు. పుట్టాక తేడా ఇంకా పెద్దది. మేకపిల్ల పుట్టిన గంటలోపే లేచి నిలబడటానికి చూస్తుంది. కుక్కపిల్ల కళ్ళు తెరవడానికి రెండు వారాల దాకా పడుతుంది. మన ఇళ్ళల్లో 21వ రోజు తొట్టెల వేసే నాటికి కుక్కపిల్లలు తూలుతూ నడుస్తుంటాయి. బిడ్డకు మెడ నిలబడే నాటికి మేకపిల్ల ప్రహరీగోడ ఎక్కి దూకుతుంటుంది. నా నవల ఇక్కడే దొరికింది నాకు. ఒకే ఇంట్లో, ఒకే నెలలో రెండు పసితనాలు మొదలవుతాయి. ఒకటి చూస్తుండగానే అయిపోతుంది, రెండోది ఇంకా ఉయ్యాలలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆవు–పులి కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. దూడకు పాలిచ్చి వస్తానని పులిని బతిమాలి, మాట తప్పకుండా తిరిగొచ్చే ఆవు మనందరి లోపలా ఉంది. దాంతో తల్లీ జంతువూ ఒక పేజీలో కనిపించగానే పాఠకులు త్యాగం కోసం ఎదురుచూస్తారు. మీరు దాన్ని ఇవ్వాల్సిన పని లేదు. సాకే మనిషికి విసుగొస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఒక్కోసారి ఈ పీడ నాకెందుకనిపిస్తుంది. నా 41వ పేజీలో బాలింత మేకపిల్ల అరుపు వినలేక చెవుల మీద దిండు పెట్టుకుంటుంది. ఎక్కువమంది ఆడవాళ్ళు నాతో మాట్లాడింది ఆ పేజీ గురించే.

రెండో మెట్టు: గీయకముందు సాకడం తెలుసుకోండి

దీనికి కనీసం నెల రోజులు ఇవ్వండి. ఎవరింట్లోనైనా తల్లిలేని పిల్లను సాకుతుంటే వెళ్ళి కూర్చోండి. ఒక నోటుబుక్కు పెట్టుకొని టైము, ఎన్ని పాలు, ఎవరి చేయి, ఎలాంటి గిన్నె, అన్నీ రాసుకోండి. ఊరికే ఫొటోలు తీసుకొస్తే పని క్రమం తెలియదు. అనుమానం వస్తే పశువైద్యులను అడగండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. మండలాల్లో పశువుల దవాఖానలున్నాయి. పని ఒత్తిడి లేని వేళ చూసుకొని మర్యాదగా అడిగితే డాక్టర్లు ఓపిగ్గానే చెప్తారు.

మేకపిల్ల అయితే మొదటి పేజీల్లోనే ముర్రుపాలు రావాలి. పుట్టిన మొదటి కొన్ని గంటల్లో ముర్రుపాలు పడాల్సిందే. రోగాలను తట్టుకునే శక్తి అందులోంచే వస్తుంది, ఒక రోజు దాటితే పేగులు దాన్ని ఇక పీల్చుకోలేవు. మొదటి రోజంతా కలిపి పిల్ల బరువులో పదో వంతు లెక్క: 2 కిలోల పిల్లకు 200 మిల్లీలీటర్లు, కొంచెం కొంచెంగా. తల్లి పోతే అదే రోజు ఈనిన ఇంకో మేక కోసం ఊరంతా తిరగాలి. మా ఇంట్లో అమ్మ స్టీలు గ్లాసు పట్టుకొని రాత్రి పదింటికి గొల్లవాడకు నడిచింది. ఆ నడక నా పుస్తకంలో ఆరు పేజీలు. అందులో ఒక్క మాట కూడా లేదు.

ఇంకొకటి. చల్లబడిపోయిన పిల్లకు పాలు పట్టకూడదు. నోట్లో వేలు పెట్టి చూడాలి. నోరు చల్లగా ఉంటే ముందు గోనెసంచిలో చుట్టి, వేడి నీళ్ళ సీసా పక్కన పెట్టి ఒళ్ళు వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలు. "నోట్లో వేలు" అనేది ఒక చిన్న గడి, అంటే పేజీలో ఒక్క బొమ్మ పట్టే పెట్టె. కానీ ఆ గడి లేకపోతే మీ కథలో మనిషికి పని రాదని ఊళ్ళోవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

కుక్కపిల్లలైతే లెక్కలు వేరు. వాటిని కూడా వెల్లకిలా కాక బోర్లా, తల్లి దగ్గర పడుకున్నట్టే ఉంచి పాలు పట్టాలి. మామూలు ఆవుపాలు సరిపడవు, విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లల కోసమే చేసిన పాలపొడి మందుల షాపుల్లో, పెట్ షాపుల్లో దొరుకుతుంది. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి పాలు, రాత్రి కూడా. మూడు వారాల దాకా అవి తమంతట తాము మూత్రం కూడా పోయలేవు. తల్లి నాకుతుంది కాబట్టి పోస్తాయి. తల్లి లేకపోతే మనమే గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో మెల్లగా తుడవాలి. చంటిబిడ్డ గుడ్డలు మార్చే తల్లి పక్కనే ఈ దూది పనిని గీసి చూడండి, చెప్పాల్సిన మాట ఇక ఏమీ మిగలదు.

వీధికుక్క కథ గీసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలిన కుక్కకు చెవి కొసన చిన్న కత్తిరింపు ఉంటుంది. అలాంటి చెవి గీసి దానికే పిల్లలను పుట్టించకండి. పిల్లల తల్లి కరుస్తుంది కూడా. కరిస్తే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగడం, వెంటనే దవాఖానకు పోయి టీకా మొదలుపెట్టడం, ఈ రెండూ బొమ్మలో కనపడాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా ఆ టీకా వేస్తారు. మిరపపొడి చల్లడం, పసరు పూయడం గీస్తే దాన్ని తప్పుగా చూపించడానికే గీయండి. అలాగే గర్భిణి పాత్రతో గొర్రెలకు, మేకలకు పురుడు పోయించకండి. ఆ పనిలో కడుపులోని బిడ్డకు ముప్పు తెచ్చే ఇన్ఫెక్షన్లు సోకవచ్చు.

అడవి జీవాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏటూరునాగారం, పాకాల అడవుల వైపు కథ నడిపితే దుప్పిపిల్లను ఇంట్లో పెంచే సీను రాయాలని చేతులు లాగుతాయి. గడ్డిలో ఒంటరిగా పడుకున్న దుప్పిపిల్ల చాలాసార్లు దిక్కులేనిది కాదు. తల్లే దాచి మేతకు పోతుంది. దాన్ని ఎత్తుకొస్తే తల్లి నుంచి విడదీసినట్టే. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీ పాత్ర అక్కడ చేయగల మంచి పని దూరం నుంచి చూడటం, అటవీశాఖకు ఫోన్ చేయడం. గూట్లోంచి పడ్డ పక్షిపిల్ల అయితే మళ్ళీ గూట్లో పెట్టొచ్చు. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనే మాటలో నిజం లేదు.

మూడో మెట్టు: చేతులతో స్క్రిప్టు

ఇప్పుడు నోటుబుక్కు ముందు పెట్టుకొని పనుల పట్టిక రాయండి: పాలు కాచడం, మణికట్టు మీద చుక్క వేసి వేడి చూడటం, పాలసీసా పీక కడగడం, తూకం వేయడం, తుడవడం, చలికి కప్పడం. వీటిలో బిడ్డకూ జీవానికీ రెండింటికీ చేసేవి గుర్తు పెట్టుకోండి. నా స్క్రిప్టంతా ఆ గుర్తుల మీదే కట్టాను. ఒక్కో పనికి ఒకటో రెండో పేజీలు. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో ఎవరేమన్నారు అన్నదే సంభాషణ.

సంభాషణ మన యాసలోనే ఉండాలి. హన్మకొండలో ఉద్యోగం చేసే కూతురు ఒక రకంగా, ఊళ్ళో అమ్మ ఇంకో రకంగా మాట్లాడతారు. ఆ తేడా దాచకండి. కథ చెప్పే గొంతు మాత్రం రాత తెలుగులో పెట్టుకోవచ్చు, నేను అలాగే చేశాను. రాశాక పైకి చదివి, బొమ్మలో కనిపించేదాన్ని మళ్ళీ చెప్పే ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. నాది సగం ఎగిరిపోయింది.

నాలుగో మెట్టు: గడులు

బొమ్మల నవల అనగానే బయటి దేశాల వైపు చూస్తాం. కథలను బొమ్మల చుట్టలుగా గీసే మన చేర్యాల ఎంత దూరం? ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా మొన్నటిదాకా మన వరంగల్ జిల్లాలోదే. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రటి నేల రంగు మీద వరుసగా గడులు వేసి కథంతా చుట్టగా గీసేవారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైగా పొడవుండే పటాలవి. కథకులు ఒక్కో గడి విప్పుతూ రాత్రంతా పాడేవారు. పశువుల చుట్టూ తిరిగే కాటమరాజు కథను గొల్లలకు చెప్పే మందెచ్చులవాళ్ళూ మన వైపు ఉన్నారు. ఒకసారి చేర్యాల వెళ్ళి ఆ పటాల ముందు నిలబడండి. గడికీ గడికీ మధ్య పూల అంచు ఎలా వేశారో, ఒకే మనిషి పక్క గడిలో మళ్ళీ కనిపించినా మన కన్ను ఎందుకు తడబడదో గమనించండి. బట్టల రంగు, ఒంటి రంగు మారవు. అదే రహస్యం. నా బాలింత తలకు కట్టిన పసుపు గుడ్డ 96 పేజీల్లోనూ అదే పసుపు.

ముందు చిన్న చిన్న థంబ్‌నెయిల్స్ వేయండి, అగ్గిపెట్టెంత పేజీలు, పుల్లల మనుషులు. నవలంతా ఇలా అయ్యేదాకా మంచి కాగితం ముట్టుకోవద్దు.

రాత్రి పాల పేజీ ఎలా కట్టానో కొంచెం వివరంగా చెప్తాను. పేజీకి తొమ్మిది సమానమైన గడులు. అన్నిటిలో అదే మూల నుంచి అదే గది. మొదటి గడిలో గోడ గడియారం 11, బిడ్డ తాగుతోంది. రెండో గడిలో 12, అమ్మ లేచి మేకపిల్ల దగ్గరికి. మూడులో ఇద్దరూ పడుకున్నారు. నాలుగులో 1, బిడ్డ ఏడుపు. ఐదులో పాలు పట్టేవాళ్ళు మారారు: బాలింత మేకపిల్ల దగ్గర, అమ్మ చేతిలో బిడ్డ. ఇలా తెల్లారి 5 దాకా. మధ్యలో పెద్ద గడి పెట్టి ముఖం చూపించాలనిపిస్తుంది. వద్దు. ఒకే కొలత గడులు మళ్ళీ మళ్ళీ రావడంతోనే అలుపు పాఠకుల ఒంట్లోకి దిగుతుంది. పెద్ద గడిని తెల్లారాక వచ్చే ఎండ కోసం దాచుకోండి.

ఐదో మెట్టు: జీవాన్ని జీవంలా గీయడం

మేక కళ్ళకు మనిషి కనుపాపలు పెట్టేయడం అందరూ చేసే తప్పు. మేక కంటిపాప అడ్డంగా, పలకలా ఉంటుంది. అది చూడ్డానికి ముద్దుగా అనిపించదు, అయినా అలాగే గీయండి. పాలు తాగే పిల్ల పొదుగును తలతో పొడుస్తుంది, పాలు దిగడానికి. సీసాను కూడా పొడుస్తుంది. పాలు అందుతుంటే తోక గబగబా ఆడుతుంది. తోక ఆగిందంటే సీసా అయిపోయిందో, పీక మూసుకుపోయిందో. తల్లి మేక పిల్లను గుర్తుపట్టేది ముఖ్యంగా వాసనతో, అందుకే వేరే తల్లి పిల్లను దాని దగ్గర చేర్చబోతే నెట్టేస్తుంది. బొమ్మలో వాసన కనపడదు కాబట్టి ముక్కును దగ్గరగా, గడి నిండా గీయండి. ముక్కుపుటాలు విప్పారితే చాలు.

ఖిలా వరంగల్‌లో పడిపోయిన కాకతీయుల శిల్పాల మధ్య మేకలు మేస్తుంటాయి. పొద్దున్నే స్కెచ్‌బుక్ పట్టుకొని వెళ్ళండి. తోరణం నిలువు గీతల ముందు మేక వంపు గీతలు గీయడం మంచి సాధన. కదిలే జీవాన్ని అర నిమిషంలో పట్టాలి, కాబట్టి వెన్ను గీత ముందు, కాళ్ళు తర్వాత. మన నేల చిత్రకారుల పనులూ చూడండి. కె. లక్ష్మాగౌడ్ గీతలో మేకలు మన ఊరి మేకల్లాగే మొండిగా నిలబడతాయి. బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గీసే తెలంగాణ ఆడవాళ్ళ వెనక ఆయన తల్లి ఉంది. వాళ్ళను అనుకరించమనడం లేదు, వాళ్ళు దేన్ని అంతసేపు చూశారో చూడమంటున్నాను.

బాలింత ఒంటిని కూడా దాచకండి. చెవుల్లో దూది, నడికట్టు, పాలు తడిసిన జాకెట్టు, సాంబ్రాణి పొగలో మూసుకున్న కళ్ళు.

ఆరో మెట్టు: అక్షరాలు, చప్పుళ్ళు

తెలుగు పదాలు పొడుగు. కింద వత్తులు, పైన గుడులు. అందుకని మాటల బుడగలు వెడల్పుగా, వరుసల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండాలి. బొమ్మ గీసే ముందే అక్షరాల చోటు వదలండి. చేత్తో రాస్తే అన్నిటికన్నా బాగుంటుంది. కంప్యూటర్‌లో పెడితే మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో ముందు "స్త్రీ", "రాష్ట్రం" అని టైపు చేసి చూడండి. వత్తులు విడిపోతే సెట్టింగ్స్‌లో భారతీయ భాషల ఆప్షన్ మార్చాలి. దీన్ని చివరికి వదిలేసి నేను పడ్డ టెన్షన్ మీకు వద్దు.

చప్పుళ్ళ విషయంలో మన భాష నిండుకుండ. చప్పచప్ప, కుయ్ కుయ్, గుటుకు గుటుకు, టిక్కుటిక్కు. వేరే భాషల బొమ్మల పుస్తకాల్లోని శబ్దాలు అరువు తెచ్చుకోవద్దు. మీ ఇంట్లో మేకపిల్ల ఎలా అరుస్తుందో మీ పిల్లలను అడగండి.

ఏడో మెట్టు: చావు పేజీ

తల్లిలేని పిల్లలన్నీ బతకవు. మా ఇంట్లో ఇద్దరు కవలల్లో ఒకటి నాలుగో రోజు పోయింది. దీన్ని తప్పించి రాస్తే పుస్తకం అబద్ధమవుతుంది. చాలాసార్లు గీసి చివరికి నిలుపుకున్న పేజీలో మేకపిల్ల లేదు. కడిగి బోర్లించిన రెండు సీసాలున్నాయి, కింద గడిలో కడిగి బోర్లించిన ఒక్క సీసా. ఏడ్చే ముఖం గీసిన మూడు పేజీలు పక్కన పెట్టేశాను. మీ కథలో చావు ఉంటే ఆ ఇంట్లో ఏ వస్తువు పని ఆగిపోయిందో వెతకండి.

ఎనిమిదో మెట్టు: ముగ్గురికి చూపించాలి

పెన్సిల్ పేజీలప్పుడే చూపించండి, సిరా పడ్డాక సరిదిద్దడం కష్టం. ఒకరు ఆ జీవాన్ని సాకినవాళ్ళు, ఒకరు పశువైద్యులు. మూడో మనిషి చదువు రానివాళ్ళై ఉండాలి. మాకు ముర్రుపాలు ఇచ్చిన గొల్లాయన ముందు నా పేజీలు పరిచి, బొమ్మలు చూసి కథ చెప్పమన్నాను. నాలుగు చోట్ల ఆగాడు. ఆ నాలుగు చోట్లా తప్పు నాదే: ఒకచోట చేయి ఎవరిదో తెలియలేదు, రెండుచోట్ల రాత్రో పగలో తెలియలేదు, ఒకచోట మేక వయసు వెనక్కి పోయింది. ఊళ్ళోవాళ్ళ ముఖాలు, ఇళ్ళు గుర్తుపట్టేలా ఉంటే వాళ్ళ అనుమతి తీసుకోండి. బాలింత సంగతులైతే మరీ.

కొత్తగా గీసిన 23వ పేజీ కూడా అప్పుడే అమ్మకు చూపించాను. మేకపిల్ల బాలింత మోకాలికి ఆనుకొని నిలబడి ఉంది, మూతి పైకి. అమ్మ పెన్సిల్ తీసుకొని తోక పక్కన ఇంకో రెండు గీతలు కొట్టి ఇచ్చింది. ఆ గీతలు కొంచెం వంకరగా అలాగే అచ్చయ్యాయి.

చివరి పని: అచ్చు

అచ్చులో కనిపించే కొలతకు ఒకటిన్నర రెట్లు పెద్ద కాగితం మీద గీయండి. చుట్టూ 3 మిల్లీమీటర్లు కోతకు వదలండి. నలుపు గీతలను కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. పేజీల సంఖ్య 16తో భాగించబడితే కాగితం వృథా కాదు: 64, 80, 96. రెండు వందల లోపు కాపీలకు డిజిటల్ అచ్చు నయం, వెయ్యి దాటితే ఆఫ్‌సెట్. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, ముందుగా దరఖాస్తు పెట్టుకోండి. మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క కాపీ వేయించుకొని, రాత్రి పాల పేజీని పగటి వెలుగులో చూడండి. స్క్రీన్ మీద చక్కగా కనిపించిన చీకటి కాగితం మీద మసిబారి, మేకపిల్ల నల్లగా ఉంటే పూర్తిగా మాయమైపోతుంది. నాకు అదే జరిగింది. గోడను రెండు ఛాయలు తేలిక చేసి, వెన్ను మీద సన్నటి తెల్ల గీత వదిలాక మళ్ళీ కనిపించింది.